సెరిబ్రల్ పాల్సీ పిల్లలు, ఇంద్రియాల ఇబ్బందులు, మన సొసైటీ చేయగలిగిన సాయం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సభ మొదలవక ముందు మేము సౌండు సిస్టం అబ్బాయిని ఒక కోరిక కోరాం. రెండు బాక్సుల్లో ఒకటి ఆపేయమని, రెండోదాని శబ్దం సగానికి తగ్గించమని. అతను మమ్మల్ని వింతగా చూశాడు. మైకు పెంచమనేవాళ్లనే గాని తగ్గించమనేవాళ్లను అతను చూసి ఉండడు. వెనక కూర్చున్నవారికి సరిగా వినపడకపోవచ్చు. దయచేసి ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఎందుకు తగ్గించమన్నామో చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాం.

కొన్నేళ్ల క్రితం సంగతి. ఒక సంస్థవారు ఫంక్షన్ హాల్లో వీల్‌చైర్ల పంపిణీ పెట్టారు. ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం, వారి మనసు మంచిదే. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఆరుగురిని తీసుకువెళ్లాం. ద్వారం దగ్గర బ్యాండు మేళం, లోపల నాలుగు బాక్సులు, ఎదురుగా వీడియో లైట్లు. ఎనిమిదేళ్ల బాబును స్టేజీ ఎక్కించి శాలువా కప్పగానే మైకు కీచుమంది. బాబు విల్లులా వెనక్కి విరుచుకుపోయాడు. కాళ్లు కత్తెరలా ముడిపడ్డాయి. అరుపు ఆగలేదు. అతిథిగా వచ్చిన పెద్దాయన జాలిగా అన్నమాట మైకులోనే వినపడింది: "పాపం, వీడికేం తెలియదు." ఫోటో తీసేవరకు గట్టిగా పట్టుకోమని ఆ తల్లికి చెప్పింది ఎవరో కాదు, మేమే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత నాలుగు నెలలకు వాళ్ల ఇంటికి వెళితే వీల్‌చైర్ మీద ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయి. అది పెద్దవాళ్ల సైజు కుర్చీ. బాబు అందులో కూర్చుంటే పక్కకు జారిపోతున్నాడు, కాళ్లు గాలిలో వేలాడుతున్నాయి, ఎక్కించగానే ఏడుస్తున్నాడు. "కుర్చీ అంటే వీడికి పడదు మేడమ్, మొండివాడు" అంది వాళ్ల దాదీ.

బాబు మొండివాడు కాదని మాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. మేము వైద్యులం కాము, బడిపంతుళ్లం. బడుల్లో నడిచే భవిత కేంద్రాలకు వచ్చే పిల్లలతో, వాళ్లను చంకనెత్తుకుని వచ్చే తల్లులతో ఏళ్ల తరబడి గడిపినవాళ్లం. ఫిజియోథెరపిస్టులను, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ, చదివి తెలుసుకున్నదీ, తప్పులు చేసి తెలుసుకున్నదీ మీకు చెబుతాం.

సెరిబ్రల్ పాల్సీ అంటే మెదడు ఎదుగుతున్న దశలో, అంటే తల్లి కడుపులోనో కాన్పు సమయంలోనో పుట్టిన కొద్దికాలానికో, మెదడులో కొంత భాగం దెబ్బతినడం వల్ల కదలికల్లో వచ్చే లోపం. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, మొదటి రోజుల్లో కామెర్లు ముదిరిపోవడం, మెదడుకు సోకే ఇన్‌ఫెక్షన్లు, ఇవీ మనం ఎక్కువగా వినే కారణాలు. ఆ దెబ్బ పెరగదు. అంటువ్యాధి కాదు. ఎవరి దిష్టీ కాదు, ఏ తల్లి చేసిన పాపమూ కాదు. ఈ మాట చదువుకున్న ఇళ్లలో కూడా చెప్పాల్సి వస్తోంది కనుక చెబుతున్నాం. 1861లో లండన్‌లో విలియం జాన్ లిటిల్ అనే సర్జన్ కష్టమైన కాన్పులకూ పిల్లల కాళ్లు చేతులు బిగుసుకుపోవడానికీ సంబంధం ఉందని వివరించారు. చాలా కాలం దీన్ని లిటిల్ జబ్బు అనే పిలిచారు.

అప్పటినుంచీ అందరి చూపూ కాళ్లూ చేతుల మీదే నిలిచింది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం షెడ్యూల్లో కూడా సెరిబ్రల్ పాల్సీ నిర్వచనం శరీర కదలికలు, కండరాల సమన్వయం అన్నంతవరకే ఉంటుంది. కానీ 2007లో అంతర్జాతీయ నిపుణులు ప్రచురించిన నిర్వచనం చూడండి. కదలికల లోపంతో పాటు స్పర్శ వంటి ఇంద్రియ జ్ఞానంలో, గ్రహింపులో, ఆలోచనలో, మాటలో, ప్రవర్తనలో ఇబ్బందులు తరచుగా ఉంటాయని అందులో స్పష్టంగా రాశారు. మెదడు నుంచి కండరానికి పోయే ఆజ్ఞ ఒక్కటే దెబ్బతినలేదు. చర్మం నుంచి, చెవి నుంచి, కంటి నుంచి, కీళ్ల నుంచి మెదడుకు వచ్చే కబురు కూడా చాలామంది పిల్లల్లో చెదిరిపోతుంది. కొన్ని కబుర్లు పదింతలై చేరతాయి. కొన్ని అసలు చేరవు. బయటినుంచి చూసే మనకు అది మొండితనంగానో, బద్ధకంగానో, తెలివి లేకపోవడంగానో కనిపిస్తుంది.

పెద్దలొకరు మమ్మల్ని అడిగారు, కళ్లు ముక్కు చెవులు బాగానే ఉన్నాయి కదా, ఇంద్రియాల ఇబ్బంది ఏమిటని. మనం అయిదే లెక్కపెడతాం గాని ఇంకా ఉన్నాయి. ఆర్టీసీ బస్సు కండక్టరును చూడండి. సంచిలో చెయ్యి పెట్టి, సంచి వైపు చూడకుండానే, అయిదు రూపాయల బిళ్లకూ రెండు రూపాయల బిళ్లకూ తేడా తెలిసి తీసి ఇస్తాడు. అది వేళ్లకున్న జ్ఞానం. చీకట్లో లేచి గోడ తగలకుండా బాత్‌రూముకు వెళ్లగలుగుతాం. మన కాలు ఎక్కడుందో, మోకాలు ఎంత వంగిందో కీళ్లు మెదడుకు చెబుతూ ఉంటాయి. ఓడ ఊగుతుంటే ఎటు ఒరుగుతున్నామో చెవి లోపలి భాగం చెబుతుంది. హార్బరులో పనిచేసేవారికి ఇది చెప్పక్కర్లేదు. ఈ జ్ఞానాలన్నీ పనిచేస్తున్నంతసేపూ వాటి సంగతి మనకు గుర్తే ఉండదు.

మా దగ్గర ఒక పాప ఉండేది, కుడి పక్క బిగుసుకున్న పాప. కుడి చెయ్యి కొంచెం పనిచేస్తుంది, అయినా వాడదు. అన్నీ ఎడమ చేత్తోనే. మన ఇళ్లలో ఎడమ చేత్తో తింటే ఊరుకుంటారా? నానీమా చెయ్యి మీద ఒకటి వేసేది. మేము కూడా "వాడవే, బద్ధకం చేయకు" అనేవాళ్లం. ఒకరోజు ఫిజియోథెరపిస్టు పాప కళ్లు మూయించి కుడి అరచేతిలో తాళంచెవి పెట్టారు. ఏమిటో చెప్పలేకపోయింది. చెంచా పెట్టారు, చెప్పలేదు. ఏమీ పెట్టకుండా అడిగారు, "ఏదో ఉంది" అంది. ఎడమ చేతిలో పెట్టగానే తక్షణం చెప్పింది. ఆ చేతికి కదలిక ఉంది, కబురే లేదు. తిమ్మిరెక్కిన చేత్తో జాకెట్ హుక్కు పెట్టుకోవడానికి ప్రయత్నించండి, పాప సంగతి అర్థమవుతుంది. టిజార్డ్, పెయిన్, క్రోథర్స్ అనే వైద్యులు ఒక పక్క బిగుసుకున్న పిల్లల్లో ఈ స్పర్శ లోపాన్ని 1954లోనే రాసిపెట్టారు. అంత పాత సంగతి మా బి.ఇడి. పుస్తకాల దాకా రాలేదు. పాపకు ఇప్పుడు పని ముందు కళ్లతో చూస్తూ చేయడం నేర్పుతున్నాం. రెండు చేతులూ కలిపితేనే అయ్యే పనులు ఇస్తున్నాం: డబ్బా మూత తీయడం, రొట్టె తుంచడం. నెమ్మదిగా వస్తోంది. దెబ్బలు మాత్రం ఆగాయి.

ఇప్పుడు శబ్దం విషయానికి వస్తాం. మనది ఓడరేవు ఊరు, ఉక్కు ఊరు. లారీలు, ఓడల కూతలు, రైలు వ్యాగన్లు, డిసెంబరులో నేవీ డే విన్యాసాల రిహార్సల్స్ మొదలైతే నెత్తిమీద విమానాలు. మనకు అలవాటైపోయింది. పుట్టిన కొత్తలో ఏ పసిబిడ్డ అయినా చప్పుడుకు ఉలిక్కిపడి చేతులు చాచి ముడుచుకుంటుంది. కొద్ది నెలల్లో అది పోతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న చాలామంది పిల్లల్లో ఆ ఉలికిపాటు ఏళ్లు గడిచినా పోదు. ఉలిక్కిపడితే ఒళ్లంతా బిగుసుకుంటుంది, బిగుసుకుంటే నొప్పి, నొప్పి వల్ల ఏడుపు, ఏడిస్తే ఇంకా బిగుసుకుంటుంది. కుక్కరు విజిల్ వేసిన ప్రతిసారీ ఒక బిడ్డకు ఇది జరుగుతోందనుకోండి. రోజుకు ఎన్ని సార్లో లెక్కవేయండి.

ఇందులో మేము గమనించిన ఒక విశేషం ఉంది. వన్ టౌన్‌లో మసీదు పక్క ఇంట్లో ఒక బాబు ఉన్నాడు. కుక్కరుకు, మోటారు సైకిలు హారన్‌కు, మిక్సీకి ఎగిరిపడతాడు. కానీ అజాన్‌కు ఉలిక్కిపడడు. లౌడ్‌స్పీకర్ కిటికీకి ఎదురుగానే ఉంది. పైగా అజాన్ వేళ దగ్గరపడుతుంటే కిటికీ వైపు తల తిప్పి ఎదురుచూస్తాడు. శబ్దం చిన్నది కాదు. కానీ ఆ వేళకే వస్తుంది, ఒకే తీరుగా మొదలవుతుంది, ఒకే తీరుగా ముగుస్తుంది. రాబోయేది తెలిస్తే మెదడు సర్దుకుంటుంది. ఆ ఇంట్లో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నారు. మిక్సీ వేసేముందు అమ్మీ బాబు ఎదురుగా వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, "ఇప్పుడు మిక్సీ, బేటా" అని చెప్పి, మూడు లెక్కపెట్టి వేస్తుంది. పైసా ఖర్చు లేదు. మొదటి వారం మార్పు ఏమీ లేదు, నెల తిరిగేసరికి బాబు మూడు అనగానే నవ్వుతున్నాడు.

స్పర్శ దగ్గర మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఆగస్టు పదిహేనుకు పిల్లల అరచేతుల ముద్రలతో జెండా చేయించాలని మాకు సరదా పుట్టింది. ఒక బాబు చెయ్యి రంగులో ముంచబోతే పిడికిలి బిగించాడు. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి ముంచాం. వాంతి చేసుకున్నాడు. తర్వాత రెండు వారాలు బడికి రాలేదు. తడి, జిగురు, లేత స్పర్శ కొందరు పిల్లలకు మనకు ముల్లు గుచ్చినట్టుంటుందని అప్పుడు మాకు తెలియదు. ఈకతో రాసినట్టు తాకితే ఏడ్చేవాళ్లే, అరచేయి మొత్తం ఆనించి నిదానంగా, గట్టిగా పట్టుకుంటే నిమ్మళిస్తారు. వెనక నుంచి వచ్చి చెప్పకుండా ఎత్తుకోవడం ఎప్పుడూ వద్దు. ఎదురుగా వచ్చి, చెప్పి, ఆగి, అప్పుడు ఎత్తాలి. పండగరోజు బిడ్డను చేతులు మార్చుకుంటూ ముద్దులాడే అత్తలకూ మామలకూ ఇది చెప్పడం కష్టమే. అయినా చెప్పాలి.

ఈద్ సంగతి వచ్చింది కనుక అనుకుందాం. కొత్త బట్ట గంజి, జరీ కాలరు, మెడ వెనక లేబుల్, అత్తరు, ఇంటినిండా చుట్టాలు. బిడ్డ ఉదయం నుంచీ ఏడుస్తుంటే పండగపూట అపశకునం అంటారు. లేబుల్ కత్తిరించి, బట్ట రెండుసార్లు ఉతికి వేస్తే సగం ఏడుపు పోతుంది. షీర్ ఖుర్మాలో పాలు, సేమియా, జీడిపప్పు, ఖర్జూరం ముక్క అన్నీ కలిసి ఉంటాయి. పలుచనిదీ గట్టిదీ ఒకే ముద్దలో ఉన్న తిండి ఈ పిల్లల నోటికి అన్నిటికంటే కష్టం, పొరమారే ప్రమాదం కూడా ఉంది. మెత్తగా ఒకే చిక్కదనంలో చేసి, బిడ్డను పడుకోబెట్టి కాకుండా నిటారుగా కూర్చోబెట్టి పెట్టాలి. వజూ చేయించేటప్పుడు కూడా అంతే. తెల్లవారుజామున చన్నీళ్లు ముఖాన చల్లితే ఒళ్లు కొయ్యబారిపోతుంది. గోరువెచ్చని నీళ్లు, తడి గుడ్డ, ముందు చేతులు. చిన్నపిల్లల మీద నమాజు విధి కాదు, పెద్దయ్యాక ఏ మేరకు సడలింపు ఉందో మన హజరత్‌లు చెబుతారు. మేము చెప్పేది బిడ్డకు దీన్ అంటే భయం పుట్టకూడదని మాత్రమే.

మసీదుకు ఈ పిల్లలను తీసుకువస్తే గొడవ చేస్తారని కొందరు తండ్రులు మానేశారు. జుమాకు కొడుకును ఇంట్లో వదిలి వచ్చే తండ్రి ముఖం మేము చూశాం. నమాజు చేయిస్తూ పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి ఎంత తల్లడిల్లుతుందో అని ప్రవక్త, సల్లల్లాహు అలైహి వసల్లం, నమాజును క్లుప్తం చేసేవారని హదీసుల్లో ఉంది. ఆ బిడ్డను బయటికి పంపమనలేదు. వెనక మూలలో, స్పీకరుకు దూరంగా, ఫ్యానుకు అవతల రెండు చాపల జాగా ఈ తండ్రీకొడుకులకు ఉంచమని మన కమిటీలను కోరుతున్నాం.

చూపు గురించి ముఖ్యమైనది ఒక్కటి చెబుతాం. కన్ను బాగానే ఉండి, మెదడులో చూపును అర్థం చేసుకునే భాగం దెబ్బతిన్న పిల్లలు వీరిలో చాలామంది ఉంటారు. బల్బు వైపే చూస్తూ ఉండడం, కదిలే వస్తువును చూసి కదలనిదాన్ని పట్టించుకోకపోవడం, వస్తువు అందుకునేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోవడం దీనికి గుర్తులు. చాలా వస్తువుల మధ్య ఒకదాన్ని వెతకలేరు. మా తరగతి గోడ నిండా చార్టులు అంటించి ఇన్‌స్పెక్షన్లో మెప్పు పొందిన మేము, ఒక బిడ్డ ఎదురుగా ఉన్న గోడను ఖాళీ చేశాక గాని అతను మా వేలివైపు చూడలేదు. ఎర్ర చెంచా, దాని కింద మరకలూ పూలూ లేని నల్ల గుడ్డ, ఇంతే చాలు. హనుమంతవాకలోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఒకసారి పరీక్ష చేయించండి. అలాగే పెదవాల్తేరు ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో వినికిడి పరీక్ష. ముఖ్యంగా పసితనంలో కామెర్లు ముదిరిన పిల్లలకు వినికిడి దెబ్బతినే అవకాశం ఉంటుంది. పిలిస్తే పలకడం లేదని అనే ముందు వినిపిస్తోందా అని చూడాలి కదా.

ఇంకో హెచ్చరిక. ఏడ్చే ప్రతి బిడ్డకూ ఇంద్రియాల ఇబ్బందే అని మా ప్రసంగం విన్నాక అనుకోకండి. ముందు నొప్పి ఉందేమో చూడాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిలో నలుగురిలో ముగ్గురికి నొప్పి ఉంటుందని 2012లో అచ్చయిన ఒక సమీక్షలో ఆస్ట్రేలియా పరిశోధకురాలు ఇయోనా నోవాక్, ఆమె సహచరులు లెక్కగట్టారు. తుంటి కీలు జారడం, మలబద్ధకం, పుచ్చిపన్ను, తిన్నది గొంతులోకి తన్నుకురావడం, వీటిని మాట రాని బిడ్డ ఏడుపుతోనే చెబుతుంది. అదే లెక్కలో ఇద్దరిలో ఒకరికి బుద్ధిమాంద్యం ఉంటుందని ఉంది. అంటే రెండో బిడ్డకు లేదు. స్టేజీ మీద "వీడికేం తెలియదు" అన్న మాటను అర్థం చేసుకునే పిల్లలు వారిలో ఉన్నారు. ఆ రోజు మా బాబు అర్థం చేసుకున్నాడా లేదా అని వాళ్ల అమ్మీని మేము ఇప్పటివరకు అడగలేకపోయాం.

ఇక మీతో అసలు మాట్లాడాల్సిన విషయం, డబ్బు.

ఈ మధ్య మన సొసైటీకి ఒక ప్రతిపాదన వచ్చిందని కార్యదర్శి గారు చెప్పారు. సెన్సరీ రూమ్ పెడదామని. రంగులు మారే లైట్లు, బుడగల గొట్టాలు, బంతుల తొట్టి, వేలాడే ఊయలలు, ఏసీ, కొన్ని లక్షల ఖర్చు. గది బయట దాతల పేర్ల పలక. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మా అభిప్రాయం అడిగారు కనుక మొహమాటం లేకుండా చెబుతున్నాం, వద్దు.

కారణం చెబుతాం. ఇంద్రియాల సమన్వయం అనే ఆలోచనను బలంగా ముందుకు తెచ్చినది కాలిఫోర్నియాలోని ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఎయర్స్. ఆమె ముఖ్యమైన పుస్తకం 1972లో వచ్చింది. ఆమె ఆ పద్ధతిని రూపొందించింది ప్రధానంగా చదువులో వెనకబడే పిల్లల కోసం. పిల్లల ప్రవర్తనను వేరే కంటితో చూడడం నేర్పినందుకు ఆమెకు మేమూ రుణపడి ఉన్నాం. కానీ సెరిబ్రల్ పాల్సీకి ఏ చికిత్స పనిచేస్తుంది, ఏది చేయదు అని నోవాక్ బృందం 2013లో చేసిన పెద్ద సమీక్షలో సెన్సరీ ఇంటిగ్రేషన్ థెరపీని పనిచేయని వాటిలో వేశారు. పనిచేస్తాయని చెప్పినవాటిలో ఏమున్నాయి? బిడ్డకు కావలసిన పనినే లక్ష్యంగా పెట్టుకుని అదే సాధన చేయించడం, రెండు చేతుల సాధన, తల్లిదండ్రులకు నేర్పి ఇంట్లో చేయించే కార్యక్రమం, తుంటి ఎముకను వేళకు ఎక్స్‌రే తీసి చూస్తూ ఉండడం. అంటే లైట్ల గదిలో వారానికి అరగంట ఊగించి పంపితే చెయ్యి బాగుపడదు. బిడ్డ బతికే ఇల్లు, బడి, మసీదు, ఆటో, వీటిని బిడ్డ తట్టుకోగలిగేలా సర్దాలి. ఇంజెక్షన్‌తో మెదడు కణాలు పుట్టిస్తామని, లక్షలు కట్టమని చెప్పేవారి సంగతి సరేసరి. గాజువాకలో స్టీల్ ప్లాంటు కాంట్రాక్టు పనిచేసే ఒక తండ్రి అటువంటి మాట నమ్మి ఇల్లు తాకట్టు పెట్టాడు. బిడ్డ అలాగే ఉంది. ఇల్లు పోయింది.

మరి దేనికి ఖర్చు పెట్టాలి? మొదటిది కూర్చోబెట్టడం. మీకు ఇది చిన్న విషయంగా అనిపించవచ్చు. నడుము నిలవని బిడ్డ కుర్చీలో జారిపోతుంటే అతని మనసంతా పడిపోతానన్న భయం మీదే ఉంటుంది. ఎత్తయిన పిట్టగోడ అంచున మనల్ని కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పమంటే చెప్పగలమా? తుంటి వెనక్కి ఆని, పాదాలు చెక్క మీద మోపి, ఎదురుగా బల్ల ఉంటే, అదే బిడ్డ తల నిలుపుతాడు, చూస్తాడు, చెయ్యి చాస్తాడు, శబ్దానికి ఉలికిపాటు కూడా తగ్గుతుంది. అలింకో వారి సీపీ చైర్లు ప్రభుత్వ శిబిరాల్లో ఉచితంగా ఇస్తారు. కానీ బిడ్డ కొలతకు సర్దేవారు లేక అవి కూడా మూలపడుతున్నాయి. మెక్సికో పల్లెల అనుభవంతో డేవిడ్ వెర్నర్ 1987లో ప్రచురించిన 'డిసేబుల్డ్ విలేజ్ చిల్డ్రన్' పుస్తకంలో చెక్కతో, మామూలు సామానుతో ఇటువంటి కుర్చీలు చేసే బొమ్మలు ఉన్నాయి. అవి చూపించి మా వీధి వడ్రంగి చేత ప్లైవుడ్‌తో ఒక మూల కుర్చీ చేయించాం. ఫిజియోథెరపిస్టు దగ్గర నిలబడి కొలతలు ఇచ్చారు. మొదటిసారి సీటు లోతు ఎక్కువై పాడైంది. రెండోది కుదిరింది. స్టేజీ మీద అరిచిన బాబే ఇప్పుడు అందులో ముప్పావుగంట కూర్చుంటాడు. బిడ్డ ఎదిగినకొద్దీ మార్చాలి కనుక ఏటా ఖర్చు ఉంటుంది. ఫోటోకు పనికిరాని ఖర్చు. దాతలుగా మీకు ఇది కొంచెం నిరాశ అని మాకు తెలుసు.

రెండోది దారి ఖర్చు. మల్కాపురం నుంచో గాజువాక నుంచో కేజీహెచ్‌కు పదేళ్ల బిడ్డను బస్సులో తేలేరు, ఆటోకు రానూ పోనూ అయిదారు వందలు. ఆ రోజు కూలి కూడా పోతుంది. అందుకే మూడోసారికి మానేస్తారు. నెలకు రెండు ప్రయాణాలు సొసైటీ భరిస్తే థెరపీ మధ్యలో ఆగదు. తెలిసిన ఆటో భాయ్ ఒకరినే పెట్టుకుంటే ఇంకా మంచిది, హారన్ కొట్టకుండా, గతుకుల ముందు చెప్పి నడిపేవాణ్ణి.

మూడోది మనిషి. నెలకు రెండుసార్లు ఇళ్లకు వెళ్లే ఆక్యుపేషనల్ థెరపిస్టు. వంటగది చూసి, నీళ్ల తొట్టి చూసి, మంచం చూసి, అక్కడే తల్లికి నేర్పేవారు కావాలి. పది కుటుంబాలతో మొదలుపెడదాం. జకాత్ సొమ్ము అర్హులైన పేద కుటుంబాలకే వెళ్లాలి కనుక వారి ఖర్చు దాని నుంచి, మిగిలినవారికి సదఖా నుంచి. ఈ విభజన మన ఉలమాలను అడిగే చేద్దాం.

ప్రభుత్వం ఇచ్చేది వదులుకోకూడదు. 40 శాతం పైబడిన సర్టిఫికెట్ ఉంటే రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైతే 15,000. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చు కూడా అందులోకి వస్తుంది. మన వాళ్లలో చాలామందికి నిరామయ పేరే తెలియదు. కాగితాలు నింపిపెట్టడానికి మన యువకులు నెలకు ఒక ఆదివారం ఇస్తే చాలు.

వచ్చే పంపిణీ గురించి ఒక మాట చెప్పి ముగిస్తాం. స్టేజీ వద్దు, బ్యాండు వద్దు. బిడ్డను పిలిపించకుండా మనమే ఇద్దరిద్దరం ఇంటికి వెళ్లి ఇద్దాం. ఫోటో కావాలంటే కుర్చీది తీసుకుందాం, ఫ్లాష్ లేకుండా.

మేము చెప్పిన మసీదు పక్కింటి బాబు, వాళ్ల అమ్మీ ఈ రోజు వచ్చారు. చివరి వరుసలో తలుపు దగ్గర కూర్చున్నారు. మా తర్వాత ఆమె రెండు నిమిషాలు మాట్లాడతానన్నారు, అక్కడి నుంచే, మైకు లేకుండా. మేము దిగిపోతున్నాం. దయచేసి చప్పట్లు కొట్టకండి.